లేనిదాని లెక్క

వున్న వస్తువును చూడడానికి కళ్ళు చాలు. లేని వస్తువును చూడడానికి కళ్ళు చాలవు. పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ పందిట్లో కనిపిస్తూనే వుంటారు. రానివాళ్ళెవరో తెలియాలంటే మాత్రం పిలుపుల జాబితా చేతిలో వుండాలి. అది రాసుకోని ఇంట్లో, పెళ్ళయిన పది రోజులకు, "అయ్యయ్యో, చిన్న మేనత్తకు శుభలేఖ వెయ్యనే లేదుటే!" అని తెలుస్తుంది. అప్పటికి మేనత్తగారు అలిగి కూర్చుని వుంటారు.

కంప్యూటరులో కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తూంటే సగంలో ఆగిపోయి, "ఫలానా ఫైలు కనిపించడం లేదు" అనో, "ఫలానా ఫైలు పాడయింది" అనో తెరమీద ఒక మాట వస్తుంది చూడండి, అది సరిగ్గా ఈ మేనత్తగారి వ్యవహారమే. పిల్లలు దాన్ని చూసి విసుక్కుంటారు. పెద్దవాళ్ళు కంగారుపడి మిషను కట్టేస్తారు. నిజానికి ఆ మాట అనగలగడమే గొప్ప. లేనిదాన్ని కనిపెట్టడం మనుషులు చాలా కాలం కష్టపడి నేర్చుకున్న విద్య. ఆ విద్యకు మన తెలుగునాట కూడా చక్కని చరిత్ర వుంది.

ముందుగా గోదావరిఖని వెళదాం రండి.

కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్ళే రైలెక్కితే రామగుండం స్టేషను వస్తుంది. దాని పక్కనే, గోదావరి చేరువలో, బొగ్గు మీద వెలిసిన వూరు గోదావరిఖని. పూర్వం కరీంనగర్ జిల్లా, 2016 నుంచి పెద్దపల్లి జిల్లా. సింగరేణి బొగ్గు కథ అంతకంటే చాలా పాతది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు వుందని కనిపెట్టాడు. 1886లో దానికోసం హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. 1889లో బొగ్గు తీయడం మొదలుపెట్టారు. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. గోదావరిఖని వైపు గనులు తవ్వింది మాత్రం బాగా తర్వాత, 1960ల నుంచి.

అక్కడి ఇళ్ళల్లో గనిని గని అనరు, "బాయి" అంటారు. "మా ఆయన బాయికి పోయిండు" అంటే డ్యూటీకి వెళ్ళాడని అర్థం. బాయి దిగేముందు కార్మికుడు ఆగే చోటు ఒకటుంది, ల్యాంపు రూము. టోపీకి తగిలించుకునే దీపం, దాని బ్యాటరీ అక్కడే తీసుకోవాలి. ప్రతి దీపానికీ ఒక నంబరు. ప్రతి నంబరుకూ అరలో ఒక చోటు. పైకి వచ్చాక మళ్ళీ ఆ చోట్లోనే పెట్టాలి. షిఫ్టు అయిపోయిన తర్వాత అరలో ఒక్క చోటు ఖాళీగా కనిపించిందంటే దీపం ఒక్కటే రాలేదని కాదు, మనిషి పైకి రాలేదేమోనని చూడాలి. ఆ ఖాళీకి నంబరుంది. నంబరుకు పేరుంది. పేరుకు ఇల్లుంది, ఇంట్లో అన్నం వండి పెట్టుకుని ఎదురుచూసే మనిషి వుంది.

ఇది వాళ్ళ వాళ్ళ అలవాటుకు వదిలేసిన సంగతి కూడా కాదు. ఏ క్షణంలో చూసినా లోపల ఎవరెవరున్నారో పేర్లతో చెప్పగలిగే రిజిస్టరు పైన వుండి తీరాలని 1952 గనుల చట్టం చెప్పింది. గనిలోకి తొంగిచూసి ఎవరు లేరో చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ పట్టిక పక్కన పెట్టుకుని అరవంక చూస్తే చదువుకోని మనిషి కూడా చెప్పేస్తాడు. పట్టిక వుంటేనే ఖాళీ కనిపిస్తుంది. పట్టిక లేకపోతే ఖాళీ కూడా కనిపించదు.

కంప్యూటరులో ప్రోగ్రాము ఎక్కించడమంటే కూడా ఇదే. ప్రోగ్రాము ఒక ముద్దగా వుండదు. వందలూ వేలూ ఫైళ్ళుగా వుంటుంది. ఏ ఫైలు ఎక్కడ వుండాలో రాసిన పట్టిక వాటితోపాటే వస్తుంది. ఎక్కించేటప్పుడు మిషను ఆ పట్టిక పట్టుకుని ఒక్కొక్కదాన్నే పిలుస్తుంది. పలకనిదాని దగ్గర ఆగుతుంది. మనకు తెరమీద కనిపించేది ఆ ఆగిన చోటే.

ఇలా ఆగిన చోట్లలో తెలుగువాళ్ళందరికీ సంబంధించినది ఒకటుంది.

2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. విండోసులో మన తెలుగుకు చోటు దొరికింది దానితోనే. అంతకుముందు వచ్చిన విండోస్ 2000లో మన దేశపు లిపుల్లో దేవనాగరికీ తమిళానికీ మాత్రమే సదుపాయం వుండేది. ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఖతికి "గౌతమి" అని చక్కని పేరు పెట్టారు. గౌతమి అంటే మన గోదావరే కదా! కానీ చిత్రమేమిటంటే, ఆ గౌతమి సీడీలో వుండేది, మిషనులోకి దానంతటది దిగేది కాదు. ఎవరో ఒకరు పనిగట్టుకుని కంట్రోల్ ప్యానెల్ తెరిచి, భాషల అరలోకి వెళ్ళి, సంక్లిష్ట లిపులకు కావలసిన ఫైళ్ళు ఎక్కించు అన్న చోట టిక్కు పెట్టాలి. అప్పుడు మిషను, "విండోస్ సీడీ పెట్టండి" అని అడుగుతుంది. ఆ సీడీలో ఐ386 అనే అరలోంచి తెలుగు ఫైళ్ళు తెచ్చుకుంటుంది.

ఈ సంగతి తెలిసినవాళ్ళెందరు? కంప్యూటరు అమ్మినవాడు చెప్పడు. సీడీ ఇస్తే ఇస్తాడు, లేకపోతే లేదు. అందుకని ఆ రోజుల్లో తెలుగు వుత్తరం తెరిస్తే తెరమీద అక్షరానికొక ఖాళీ డబ్బా కనిపించేది. సింగరేణి క్వార్టర్లలోంచి చదువుకుని అమెరికా వెళ్ళిన పిల్లవాడు అమ్మకోసమని ప్రత్యేకంగా తెలుగులో రాస్తే, ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్న అమ్మకు వరసగా డబ్బాలు. ఫోనులో, "ఏంది బిడ్డా, వుత్తరం నిండ కిటికీలే పంపినవ్?" అని అడిగితే ఆ పిల్లవాడు ఏం చెబుతాడు? గోదావరి ఒడ్డున వున్న వూళ్ళో గౌతమి కనిపించకుండా పోవడమంటే ఇదే.

అసలు ఆ డబ్బా ఎందుకు వచ్చేదో చూడండి. 1991లో వచ్చిన యునీకోడ్ పద్ధతిలో ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. తెలుగుకు 128 చోట్లు కేటాయించారు. మన "క" నంబరు 3093. వుత్తరంలో వచ్చేది ఆ నంబరే. దాన్ని బట్టి "క" బొమ్మ తెచ్చి తెరమీద పెట్టవలసింది ఖతి ఫైలు. ఖతి లేకపోతే మిషను దగ్గర నంబరుంటుంది, బొమ్మ వుండదు. అప్పుడది, "ఇక్కడొక అక్షరం వుండాలి, నా దగ్గర లేదు" అని చెప్పడానికి ఖాళీ డబ్బా గీస్తుంది. అచ్చంగా ల్యాంపు రూములోని ఖాళీ అరే! కంప్యూటరు మనుషులు ఈ డబ్బాలను ముద్దుగా "టోఫు" అంటారు. సోయాపాలతో చేసే పనీరులాంటి ముక్కలు. గూగుల్ సంస్థ తన ఖతులకు "నోటో" అని పేరు పెట్టింది కూడా టోఫు ఇక వద్దని చెప్పడానికే.

యునీకోడ్ రాకముందు పరిస్థితి ఇంకా అధ్వాన్నం. తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లో ఒక్కొక్కటి ఒక్కో ఖతి వాడేవి. ఆ పత్రిక ఖతి మన మిషనులో లేకపోతే, కనీసం ఖాళీ డబ్బాలు కూడా కాదు, అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపించేవి. ఖాళీ అరను చూస్తే ఏదో లేదని తెలుస్తుంది. తప్పుడు దీపం పెట్టిన అరను చూసి ఏమని తెలుసుకుంటాం? ఆ చిక్కు విప్పడానికి చాలామంది సొంత సమయం వెచ్చించి పనిచేశారు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన పేర్లతో యునీకోడ్ ఖతులు తయారుచేసి ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ "లేఖిని" తెచ్చాక, ఇంగ్లీషు కీలతోనే తెలుగు రాయడం మామూలు మనిషికి కూడా చేతనయింది. 2007 జనవరిలో విండోస్ విస్టా అమ్మకానికి వచ్చినప్పటినుంచి తెలుగు ఫైళ్ళు మిషనుతోపాటే వస్తున్నాయి. సీడీ వెతుక్కునే బాధ తీరింది.

ఆ సీడీ బాధలో ఒక ముఖ్యమైన పాఠం వుంది. సీడీ మీద గీత పడిందనుకోండి. ఎక్కించడం మధ్యలో ఆగి, "ఈ ఫైలును కాపీ చెయ్యలేకపోతున్నాను, మళ్ళీ ప్రయత్నించనా, దాటేయనా, మానేయనా?" అని అడుగుతుంది. చాలామంది "దాటెయ్" అంటారు. పని జరిగిపోయినట్టే కనిపిస్తుంది. అప్పటికి ప్రాణం హాయిగానే వుంటుంది. నాలుగు రోజుల తర్వాత ఎక్కడో సంబంధం లేని చోట ప్రోగ్రాము కూలిపోతుంది. అప్పుడు ఏ ఫైలు దాటేశామో ఎవరికీ గుర్తుండదు. తప్పిపోయిన ఫైలు కంటే, తప్పిపోయిందని తెలిసి దాటేసిన ఫైలు ఎక్కువ అపకారం చేస్తుంది.

ఇంతవరకూ లేని ఫైలు సంగతి. పాడయిన ఫైలు సంగతి ఇంకా చిక్కు. అది పిలిస్తే పలుకుతుంది. లెక్కకు వస్తుంది. లోపల మాత్రం సరుకు సరిగ్గా వుండదు. దీన్ని పట్టుకునే విద్య కంప్యూటర్ల కంటే ఎంతో ముందు తాటాకుల మీద పుట్టింది.

పూర్వం గ్రంథం ఒక ప్రతి కావాలంటే ఎవరో కూర్చుని గంటంతో మళ్ళీ రాయాల్సిందే. రాసేవాడికి నిద్ర వస్తుంది. ఒక పంక్తి ఎగిరిపోతుంది. పురుగు తింటుంది. తాడు తెగితే ఆకులు చెల్లాచెదరవుతాయి. అందుకని ఆకులకు అంకెలు వేసేవారు. గ్రంథం ఎంత పెద్దదో లెక్కవేయడానికి 32 అక్షరాలను ఒక "గ్రంథం"గా పెట్టుకున్నారు. పద్యమైనా వచనమైనా ఆ కొలతే. వ్రాయసకాడి కూలీ కూడా ఆ లెక్కన కట్టేవారు. కంప్యూటరులో ఫైలు పక్కన దాని పరిమాణం రాసి వుంటుంది చూడండి, ఇది దానికి తాతమ్మ వంటిది. ఇన్ని గ్రంథాలుండాలి, ఇన్నే వున్నాయి అంటే ఎక్కడో జారిపోయిందన్న మాట.

లెక్క సరిపోయినా అక్షరం తప్పయితే? దానికి మన కవులు తెలియకుండానే కాపలా పెట్టారు. పద్యంలో గణాలుండాలి, యతి కుదరాలి. వేమన వాడిన ఆటవెలదినే తీసుకోండి. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. వ్రాయసకాడు పరాకున ఒక మాట మార్చేస్తే గణమో, యతో చెడుతుంది. చెవి ఠక్కున ఆగుతుంది. పండితుడికి అర్థం తెలిసేలోగానే, ఇక్కడేదో తేడా వుందని తెలిసిపోతుంది. వచనానికి ఈ కాపలా లేదు. వేదం చెప్పుకునేవాళ్ళు ఇంకో పద్ధతి పెట్టుకున్నారు. మాటలను వరసగా ఒకసారి, విడగొట్టి ఒకసారి, ముందుకూ వెనక్కూ తిప్పి ఒకసారి. పదం, క్రమం, జట, ఘన అంటారు. ఒక మార్గంలో దొర్లిన తప్పు ఇంకో మార్గంలో బయటపడక తప్పదు.

మరి తప్పు బయటపడ్డాక సరిచేయడం ఎలా? దీనికి మనకు తెలిసిన పెద్ద వుదాహరణ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో కడపకు వచ్చిన ఈ ఇంగ్లీషు దొర వేమన పద్యాల కోసం వూరూరా వాకబు చేసి ప్రతులు తెప్పించాడు. ఏ ప్రతీ పూర్తిగా లేదు. ఏ రెండూ ఒకలా లేవు. ఆయన ఒక్క ప్రతినే నమ్మి అచ్చు వెయ్యలేదు. పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ప్రతి పక్కన ప్రతి పెట్టి, తేడాలు రాయించాడు. ఒకదాంట్లో పురుగు తిన్న చోట ఇంకోదాంట్లో అక్షరం వుంటుంది. ఇద్దరు వ్రాయసకాళ్ళు ఒకే చోట ఒకే తప్పు చేయడం అరుదు. అలా 1829లో వేమన పద్యాలు అచ్చులోకి వచ్చాయి. పాడయినదాన్ని బాగుచేయాలంటే ఇంకో ప్రతి వుండాలి. ఈ సూత్రం అప్పటికీ ఇప్పటికీ మారలేదు.

కంప్యూటరుకు చెవి లేదు కనుక యతికి బదులు లెక్క పెట్టారు. ఆ లెక్క మన అమ్మమ్మల కాలంలో బడిలో నేర్పిన "తొమ్మిదులు తీసెయ్యడం" వంటిదే. 472, 358 కూడితే 830. సరిగ్గా కూడామా లేదా చూడాలంటే అంకెలు కూడండి. 4, 7, 2 కలిపితే 13, దాన్ని మళ్ళీ కలిపితే 4. 3, 5, 8 కలిపితే 16, అంటే 7. నాలుగూ ఏడూ 11, అంటే 2. జవాబు 830లో అంకెలు కలిపినా 11, అంటే 2. సరిపోయింది! పొరపాటున 820 అని రాసి వుంటే 1 వచ్చేది, దొరికిపోయేవాళ్ళం. కానీ 803 అని రాసి వుంటే? మళ్ళీ 2 వస్తుంది. తప్పు దొరకదు. కాపలావాడు వున్నాడు గానీ వాడికి కొన్ని దొంగతనాలు కనపడవు.

ఇంకా గట్టి కాపలా కోసం వెతికినవాళ్ళలో ముఖ్యుడు అమెరికాలో బెల్ లేబరేటరీలో పనిచేసిన రిచర్డ్ హామింగ్. 1940లలో ఆయన శని ఆదివారాలు మిషనుకు లెక్కలు అప్పగించి వెళ్ళేవాడు. తప్పు దొర్లితే మిషను గుర్తుపట్టి, ఆ లెక్క వదిలేసి ఇంకోదానికి వెళ్ళిపోయేది. సోమవారం వచ్చి చూస్తే పని జరిగి వుండేది కాదు. తప్పు వుందని కనిపెట్టగలిగిన మిషను ఎక్కడుందో కనిపెట్టి తనే దిద్దుకోకూడదా అని ఆయనకు ఒళ్ళు మండింది. ఆ కోపంలోంచి 1950లో ఒక గొప్ప పద్ధతి వచ్చింది. అసలు అంకెల మధ్య కొన్ని కాపలా అంకెలు చేరిస్తే, ఏ చోట తప్పు దొర్లిందో వాటిని బట్టే తెలుస్తుంది. 1961లో పీటర్సన్, బ్రౌన్ అనే ఇద్దరు ఇంకో పద్ధతి గురించి రాశారు. భాగహారం చేసి మిగిలిన శేషాన్ని ఫైలు వెంట పంపడం దాని సారాంశం. ఇక్కడా ఒక బ్రౌన్ వుండడం చూసి నాకు నవ్వు వచ్చింది! మనం రోజూ వాడే జిప్ ఫైళ్ళలో ఈ శేషం ఇప్పటికీ వుంటుంది. విప్పేటప్పుడు మళ్ళీ భాగహారం చేస్తారు. శేషం తేడా వస్తే "ఫైలు పాడయింది" అంటుంది.

తర్వాత మొత్తం ఫైలును నమిలి ఒక వేలిముద్ర తీసే పద్ధతులు వచ్చాయి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. అందులో ఎండీ5 అనేది చాలాకాలం రాజ్యమేలింది. రెండు వేరు వేరు ఫైళ్ళకు ఒకే ముద్ర తెప్పించవచ్చునని 2004లో నిరూపించి దాన్ని గద్దె దించిన బృందానికి నాయకురాలు చైనాకు చెందిన గణితవేత్త, వాంగ్ షియావోయున్ అనే మహిళ. కాపలావాడి కళ్ళుగప్పే దారి చూపించి, ఇంకా మెరుగైన కాపలా అవసరమని లోకానికి తెలియజెప్పింది. ఇప్పుడు పేరున్న సంస్థలు ప్రోగ్రాము పక్కనే ఎస్‌హెచ్‌ఏ-256 అని 64 అంకెలూ అక్షరాలూ కలిసిన ముద్ర పెడుతున్నాయి. మనం దింపుకున్న ఫైలు ముద్ర దానితో సరిపోలితే సరుకు అసలైనదే.

"ఇదంతా సరే, రేపు మా ఇంట్లో ఆ మాట వస్తే ఏం చెయ్యాలి?" అంటారా? నాలుగు మాటల్లో చెప్పవచ్చు.

మొదటిది, ఆ ఫైలు పేరు కాయితం మీద రాసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అంటే లాభమేముంది? రెండోది, ప్రోగ్రాము తయారుచేసినవాళ్ళ దగ్గరినుంచే కొత్తగా దింపుకోండి. దింపుకోవడం మధ్యలో కరెంటుపోయో, సిగ్నలు పోయో తెగిపోయిన ఫైళ్ళే చాలావరకు ఈ గొడవకు కారణం. పరిమాణం, వీలైతే ముద్ర, పోల్చి చూసుకోండి. తప్పిపోయిన ఫైలు ఒక్కదాన్నీ ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గరినుంచి తెచ్చి పెట్టుకోవద్దు. దారిన పోయేవాడిచ్చిన మాత్ర మింగుతామా? మూడోది, డిస్కులో చోటు వుందో లేదో, వైరస్ కాపలా ప్రోగ్రాము ఆ ఫైలును అనుమానించి పక్కన బంధించిందేమో చూడండి. నాలుగోది, లోపం ప్రోగ్రాముది కాక విండోసుదే కావచ్చు. చాలా ఫైళ్ళు కాలనీలో కుళాయిలాగా ఉమ్మడి ఆస్తి. ఒక ప్రోగ్రాము వచ్చి ఉమ్మడి ఫైలు మార్చేస్తే ఇంకో ప్రోగ్రాము నోరెండిపోతుంది. 1990లలో ఈ గొడవ ఎంత ముదిరిందంటే, విండోస్ 2000 నుంచి ముఖ్యమైన ఫైళ్ళకు రెండో ప్రతి దాచి వుంచడం మొదలుపెట్టారు. ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే ఆజ్ఞ ఇస్తే మిషను ఆ ముఖ్యమైన ఫైళ్ళను సరిచూసుకుని, పాడయినవాటి చోట మంచివి పెట్టుకుంటుంది. బ్రౌన్ దొర పండితులు చేసిన పనే, నిమిషాల్లో.

లెక్క తప్పితే ఎంతవరకు వస్తుందో ఈ మధ్యనే ప్రపంచమంతా చూసింది. 2024 జూలై 19, మనకు ఉదయం 9 గంటల 39 నిమిషాలు. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటరు భద్రతా సంస్థ తన ప్రోగ్రాముకు ఒక చిన్న ఫైలు పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. కానీ ఆలోగానే దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెరతో నిలిచిపోయాయని మైక్రోసాఫ్టు అంచనా వేసింది. ఆస్పత్రులు, బ్యాంకులు, విమానాలు ఆగాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు! తర్వాత కారణం తేలింది. ఆ ఫైలు 21వ విలువను చూడమంది. ప్రోగ్రాము చేతిలో వున్నవి 20. లేని 21వ దానికోసం చెయ్యి చాచి బోర్లాపడింది. ఒక్కటి తేడా. ల్యాంపు రూములో కూర్చునే మనిషైతే చూడగానే పట్టుకునేవాడు. ఆ ఫైలును తీసేస్తేగానీ మిషను లేవదు. లేవని మిషనులోంచి తీయడానికి చాలాచోట్ల మనుషులు ఒక్కొక్క మిషను దగ్గరికీ స్వయంగా వెళ్ళవలసి వచ్చింది.

బొగ్గు గనుల్లో తప్పిపోయిన కాయితం ఇంకా భయంకరం. 2002 జూలైలో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని క్వీక్రీక్ గనిలో పనిచేస్తున్నవాళ్ళు పక్కనే మూతపడిన పాత గని గోడను తెలియక తవ్వేశారు. వాళ్ళ దగ్గరున్న పటం ప్రకారం ఆ గని ఇంకా చాలా దూరంలో వుంది. పాత గని చివరి పటం వాళ్ళకు అందలేదు. నీళ్ళు విరుచుకుపడ్డాయి. తొమ్మిదిమంది 3 రోజులకు పైగా చీకట్లో, నీళ్ళ మధ్య వుండిపోయారు. అదృష్టవశాత్తూ తొమ్మిదిమందినీ ప్రాణాలతో తీశారు. ఆ చివరి పటం తర్వాత ఒక మ్యూజియంలో దొరికింది. ఫైలు పోలేదు, వుండవలసిన చోట లేదంతే!

గోదావరిఖనివాళ్ళకు ఆ అదృష్టం లేకపోయింది. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ ప్రమాదానికీ తప్పిపోయిన పటానికీ సంబంధం వుందని నేననడం లేదు. ఆ రోజు పైన నిలబడ్డ ఆడవాళ్ళకు, పట్టికలో ఒక ఖాళీ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, అంతే.

పాడయిన ఫైలు కూడా ఆ బెల్టులో కొత్తది కాదు. సింగరేణిలో "మారుపేర్లు" అంటే పెద్ద సమస్య. ఒకప్పుడు పని దొరకడం కోసం వేరే పేరుతో చేరినవాళ్ళున్నారు. కంపెనీ రిజిస్టరులో ఒక పేరు, వూళ్ళో, ఇంటి కాయితాల్లో ఇంకో పేరు. మనిషి బాయి దిగినన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. జీతం వస్తూనే వుంది. అతను పోయాకనో, పని చేయలేని స్థితికి వచ్చాకనో, కొడుకుకు వారసత్వ ఉద్యోగం అడిగినప్పుడు రెండు పేర్లూ సరిపోలలేదు. ఎన్నో కుటుంబాలు ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాయి. "మా ఆయన ఈయనే సారూ" అని నిరూపించుకోవలసిన బాధ భార్యమీద పడింది. ముప్పై ఏళ్ళ కిందట ఎవరో "దాటెయ్" అన్న చిన్న తేడా అది.

కంప్యూటరు పుణ్యాన మనకు దక్కిన మంచి ఏమిటంటే, అది దాటెయ్యడానికి ముందు అడుగుతుంది. మనుషుల వ్యవహారంలో అడిగేవాళ్ళు వుండరు. అందుకే ఈసారి తెరమీద ఆ మాట వచ్చినప్పుడు విసుక్కోకుండా పేరు రాసుకుని వెతకండి. చేయి తిరిగాక అలాగే బీరువా కూడా తెరవండి. ఆయన సర్వీసు కాయితాలు, పెన్షను పుస్తకం, ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ తీసి, పేరులో అక్షరం, పుట్టిన తేదీ అన్నిట్లో ఒకేలా వున్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వుంటే, సంతకం పెట్టగల మనిషి ఎదురుగా వున్నప్పుడే దిద్దించుకోండి. ఏమేమి వుండాలో ఒక కాయితం మీద రాసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించండి. రెండో ప్రతి ఇంకెక్కడైనా, పుట్టింట్లోనో అక్క దగ్గరో, పెట్టండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే కాఫీవేళకు అయిపోయే పని.